కోర్టు రాజీలో పాప వివరాలు బయటికి రాకుండా ఏం అడగాలి, ఏం అడగకూడదు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. స్కూలు భోజనాల గదిలో మరిగే సాంబారు గిన్నె ఒలికి మీ తొమ్మిదేళ్ల పాపకి ఛాతీ, కుడి తొడ కాలాయి. అప్పట్లో పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టారు. తర్వాత నష్టపరిహారం కోసం పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో దావా వేశారు. ఇప్పుడు స్కూలు 18 లక్షలకు రాజీకి వచ్చింది. వాళ్ల వకీలు పంపిన ముసాయిదాలో 7వ షరతు ప్రకారం కేసు రికార్డు మొత్తం సీలు చేయించాలి. 8వ షరతు ప్రకారం మీ ఇంట్లో ఎవరైనా, ఎవరితోనైనా ఈ సంగతి మాట్లాడితే 18 లక్షలూ వెనక్కి కట్టాలి. డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడేమో "అక్కా, ఇక్కడ పిల్లల కేసులన్నీ సీలు చేస్తారు, సంతకం పెట్టెయ్" అన్నాడు. పాప ఫొటోలు రేపు ఎవరి కంటా పడకూడదని మీకూ ఉంది. అందుకే, సీలు చేయించుకోవచ్చా, ఎలా చేయించుకోవాలి అని అడిగారు.

నేను హైదరాబాద్ కోర్టుల్లో 26 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. చూసిన వాటిలో సగానికి పైగా ప్రమాదాల కేసులు, పిల్లల కేసులే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ పాప ఎవరో లోకానికి తెలియకుండా చూసుకోవడం మీ హక్కు, దానికి కోర్టులో దారి ఉంది. ఫైలు మొత్తం మూయించడం మాత్రం పాపకి అక్కర్లేదు, స్కూలుకి కావాలి. ఈ రెండు కోరికలనూ వాళ్లు ఒకే షరతులో, ఒకే మాటతో రాసి పంపారు. అందుకే మీకు అవి ఒక్కటిగా కనిపిస్తున్నాయి. వాటిని విడదీయడమే మీ వకీలు చేయాల్సిన మొదటి పని.

మీ తమ్ముడి మాట సగం నిజం. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 2007 డిసెంబరు నుంచి 5.2 నంబరు నిబంధన అమల్లో ఉంది. దాని ప్రకారం సివిల్ కేసు కాగితాల్లో మైనర్ పూర్తి పేరు రాయరు, పొడి అక్షరాలే రాస్తారు. ఫైలు సీలు చేయాలంటే మాత్రం అక్కడ కూడా జడ్జికి కారణం చూపించాలి.

మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో (సీపీసీ, సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టం) రికార్డు సీలు చేయడానికంటూ ప్రత్యేకంగా సెక్షనేమీ లేదు. అలాగని దారి లేదనుకోకండి. 153-బి సెక్షన్ కోర్టు గది అందరికీ తెరిచి ఉండాలని చెబుతూనే, అవసరమైతే బయటివాళ్లను ఉండనివ్వకుండా ఆదేశించే అధికారం జడ్జికి ఇచ్చింది. 151 కింద కోర్టుకి సహజంగా ఉండే అధికారం ఎలాగూ ఉంది. 1966లో మిరాజ్‌కర్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి ముందు ఇదే ప్రశ్న వచ్చింది. న్యాయం సవ్యంగా జరగడానికి అవసరమైతే సాక్ష్యాన్ని బయట ప్రచురించకుండా ఆపే అధికారం కోర్టుకి ఉందని ఆ బెంచి చెప్పింది. అక్కడ అడిగింది ఒక వ్యాపారి. తన సాక్ష్యం పత్రికల్లో వస్తే వ్యాపారం దెబ్బతింటుందన్నాడు. ఆయనకే ఆ రక్షణ దొరికినప్పుడు ఒంటి మీద కాలిన మచ్చలున్న ఆడపిల్ల అడిగితే కాదనడానికి కారణం కనిపించదు. పైగా 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని మరో తొమ్మిది మంది జడ్జీలు తేల్చారు.

మీ కేసులో ఇంతకంటే గట్టి ఆధారం ఇంకొకటి ఉంది. చాలామంది వకీళ్లు దాన్ని సివిల్ దావాలో వాడుకోరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నేరం చేసిన పిల్లల కోసమే అని అందరూ అనుకుంటారు. అది నేరానికి గురైన పిల్లలకూ, సాక్షులుగా ఉన్న పిల్లలకూ కూడా వర్తిస్తుంది. దర్యాప్తు గురించి గానీ, కోర్టు విచారణ గురించి గానీ ఏ పత్రికలోనైనా, టీవీలోనైనా, మరే మాధ్యమంలోనైనా ఆ పిల్లల పేరు, చిరునామా, స్కూలు, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమూ రాకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. స్కూలు నిర్లక్ష్యం మీద ఎఫ్ఐఆర్ ఉంది కాబట్టి మీ పాప ఆ సెక్షన్ రక్షణలోకి వస్తుంది. ఆ ఎఫ్ఐఆర్ కాపీని మీ పిటిషన్‌కి జత చేయండి.

ఇక, మీకున్న అసలు భయం ఫైలు ఎవరో తెరిచి చూస్తారని. కోర్టు ఫైలు మీరనుకున్నంత తెరిచి ఉండదు. కేసుతో సంబంధం లేనివాళ్లు కాపీ కావాలంటే థర్డ్ పార్టీ కాపీ అప్లికేషన్ వేయాలి, ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పాలి, జడ్జి ఒప్పుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద తీసుకుందామన్నా కుదరదు. కోర్టు కాగితాలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టుకి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు రూమ్‌లో బస్తాలో కట్టిన ఫైలుని రేపు పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు తెప్పించుకుని చదువుతారన్న బెంగ పెట్టుకోకండి.

వివరాలు బయటికి పొక్కేది వేరే చోట్ల. ఒకటి, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్. అందులో పార్టీ పేరు కొట్టి వెతకొచ్చు. ఆర్డర్లు, తీర్పులు పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి. పై కోర్టుల తీర్పులైతే ప్రైవేటు లీగల్ వెబ్‌సైట్లు వాటిని తెచ్చి తమ దగ్గరా పెట్టుకుంటాయి. ఒకసారి అలా పాకిన పేరుని వెనక్కి లాగడం చాలా కష్టం. 1998లో ఒక వైద్య నిర్లక్ష్యం కేసులో సుప్రీంకోర్టు, చికిత్సకి తెచ్చిన పసివాడూ వినియోగదారుడే, తెచ్చిన తల్లిదండ్రులూ వినియోగదారులే అని చెప్పింది. పిల్లలకి ఎంతో మేలు చేసిన తీర్పు అది. వినియోగదారుల కేసులు చూసే వకీళ్లందరికీ కంఠతా వచ్చు. ఆ పసివాడి పేరే కేసు పేరు. మెదడు దెబ్బతిన్న ఆ బిడ్డ పేరు ఇప్పటికీ ప్రతి వాదనలో చదువుతూనే ఉన్నాం. 2020లో రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఒక పాపకి పరిహారం పెంచిన తీర్పు కూడా అంతే. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. పేరు తీసేయమని మొదట్లో ఎవరూ అడగలేదు, అంతే.

రెండోది, కోర్టు బయట జిరాక్స్ షాపు. ఇది చెప్పకుండా ఉండలేను. నాలుగైదేళ్ల కిందట ఒక అఫిడవిట్ ప్రింటు తీయించుకోవడానికి కోర్టు దగ్గర ఒక షాపుకి వెళ్లాను. ఆ అబ్బాయి పెన్‌డ్రైవ్ పెట్టేలోపు కంప్యూటర్ తెర మీదికి చూశాను. ఎవరో వకీలు గుమాస్తా ముందు రోజు ప్రింటు తీయించుకున్న ఫోల్డర్ అక్కడే ఉండిపోయింది. ఫోల్డర్ పేరు ఒక పాప పూర్తి పేరు, పక్కన "బర్న్స్ ఫొటోస్" అని ఉంది. చిన్న చిన్న బొమ్మలుగా తొమ్మిదో పదో ఫొటోలు, అన్నీ ఒంటివే. ఆ షాపుకి రోజూ వందమంది వస్తారు. అబ్బాయి చేత అక్కడే తీసేయించాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను. ఆ కేసులో కోర్టు ఎన్ని ఆదేశాలిచ్చినా ఆ తెరని మూసేవాళ్లు ఎవరు? మీ పాప ఫొటోలు ఎవరెవరి ఫోన్లలో, ఏ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయో ఈ రోజే కూర్చుని లెక్క తీయండి. మీ వకీలు ఆఫీసు, గుమాస్తా, ఆస్పత్రి బిల్లుల కోసం పంపిన బంధువులు, ఇన్సూరెన్స్ ఏజెంటు, అందర్నీ అడిగి తీసేయించండి. ఇకముందు ప్రింటు తీయాలంటే వకీలు ఆఫీసు ప్రింటర్ మీదే తీయమనండి.

మూడోది, ఆర్డరు టైపు చేసేటప్పుడు జరిగే పొరపాటు. నా కేసులో ఒకసారి కోర్టు మంచి ఆదేశమే ఇచ్చింది, శీర్షికలో పేరు బదులు "మైనర్ ఎ" అని పెట్టారు. కానీ లోపల నాలుగో పేరా పాత ప్లెయింట్ (దావా అర్జీ) నుంచి తెచ్చి అతికించడంతో బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా వచ్చేశాయి. సాయంత్రానికి వెబ్‌సైట్‌లో ఎక్కింది. మర్నాడు పొద్దున్నే 152 సెక్షన్ కింద సవరణకి పిటిషన్ వేసి, ఆ ప్రతి తీయించి కొత్తది పెట్టించాం. ఆ ఒక్క రాత్రిలో ఎవరు చూశారో ఎప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ఆర్డరు మీద సంతకం కాకముందే డ్రాఫ్టు చూసుకోనివ్వమని బెంచ్ క్లర్కుని, స్టెనోని అడిగి, ప్రతి పేజీ వేలు పెట్టి చదువుతాను. మీ వకీలు కూడా అలాగే చేయాలి. ఇంకొక మాట, పీడీఎఫ్‌లో పేరు మీద నల్లగీత పెడితే చాలదు. ఆ గీత కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరేచోట అతికిస్తే చదవొచ్చు. కాగితం మీద కొట్టేసి మళ్లీ స్కాన్ చేయాలి, లేదా పేరు లేకుండా కొత్తగా టైపు చేయాలి.

ఇప్పుడు కోర్టుని ఏం అడగాలో చెబుతాను. రాజీకి అనుమతి కోరే ఐ.ఏ.తో (దావా మధ్యలో వేసే పిటిషన్) పాటు, 151, 153-బి సెక్షన్ల కింద మరో ఐ.ఏ. వేయించండి. అందులో పాప పేరు స్థానంలో "మైనర్ ఎ" అని రాయాలని కోరండి. మీ పేరు కూడా మార్పించాలి. తల్లి పేరు, కాలనీ పేరు ఉంచి పాప పేరు ఒక్కటే తీసేస్తే మీ వీధిలో వాళ్లకి అది దాచినట్టే కాదు. కాజ్‌లిస్టులో (రోజువారీ విచారణల జాబితా), వెబ్‌సైట్‌లో, ఆర్డరులో, అన్నిచోట్లా అదే మారుపేరు ఉండాలని ఆదేశంలో స్పష్టంగా రాయించండి. "రిజిస్ట్రీ తగు చర్య తీసుకోవాలి" అని ముక్తసరిగా వదిలేస్తే ఎవరూ ఏమీ చేయరు. అసలు పేర్లు, చిరునామా, ఆధార్, బ్యాంకు వివరాలు ఒక్క మెమోలో రాసి కవరులో పెట్టి సీలు చేసి ఫైలులో ఉంచాలని అడగండి. ఆధార్ ఎలాగైనా ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఎఫ్‌డీ వేయడానికి బ్యాంకుకి అసలు పేరు కావాలి కాబట్టి, బ్యాంకుకి కోర్టు విడిగా లేఖ రాసేలా ఆదేశం తీసుకోండి. లేకపోతే డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) కాపీ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతారు, "ఈ మైనర్ ఎ ఎవరు మేడమ్" అని మేనేజరు అడుగుతాడు.

ఆ కవరు గురించి ఒక్క మాట. అది సీలు చేసేటప్పుడు మీరూ ఉండండి. గోధుమరంగు కవరు, అంచు మీద లక్క, దాని మీద కోర్టు ముద్ర, అంచు మీదుగా ఇరుపక్షాల వకీళ్ల సంతకాలు, పైన దావా నంబరు, ఐ.ఏ. నంబరు, తేదీ ఉండాలి. "కోర్టు ఉత్తర్వు లేకుండా తెరవరాదు, వాది 18 ఏళ్లు నిండాక కోరినచో ఇవ్వవలెను" అన్న రెండు వాక్యాలు కవరు మీద ఉండాలి. రెండో వాక్యం ఎందుకో కింద చెబుతాను. సీల్డ్ కవర్ అనగానే కొందరు జడ్జీలు వెనకాడొచ్చు. 2023 ఏప్రిల్‌లో మీడియావన్ చానల్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుబట్టింది. అక్కడ ఎదుటి పక్షానికి చూపకుండా ప్రభుత్వం కాగితాలు నేరుగా కోర్టుకిచ్చింది. ఇక్కడ ఇరుపక్షాలూ చూసిన కాగితాన్నే బయటివాళ్ల కంట పడకుండా పెడుతున్నాం. అలాంటి కవరుకి ఉదాహరణ కూడా ఉంది. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో అత్యాచార బాధితుల విషయంలో, పేరున్న కాగితాలు సీల్డ్ కవర్‌లో పెట్టి, పేరు తీసేసిన ప్రతిని బయట ఉంచాలని సుప్రీంకోర్టే చెప్పింది. మీ కేసు ఆ కోవలోది కాకపోయినా పద్ధతి అదే అడగొచ్చు.

ఫొటోలకి మాత్రం సీలు కంటే మంచి ఉపాయం ఉంది: వాటిని ఇంటికి తెచ్చుకోండి. సీపీసీ 13వ ఆర్డరు 7వ రూలు ప్రకారం సాక్ష్యంగా తీసుకోని కాగితాలు రికార్డులో భాగం కావు, వేసినవాళ్లకి తిరిగివ్వాలి. మీ దావా ఇంకా సాక్ష్యం దాకా రాలేదు కాబట్టి పాప ఫొటోలు, డిశ్చార్జి సమ్మరీ, సర్జన్ నోట్సు ఏవీ సాక్ష్యంగా మార్కు కాలేదు. అన్నీ వెనక్కి వస్తాయి. ఒకవేళ ఏదైనా ఎక్సిబిట్ ఏ-1, ఏ-2 అని మార్కు అయి ఉన్నా, 9వ రూలు ఉంది. అప్పీలు లేని కేసులో దావా ముగియగానే కాగితాలు వెనక్కి తీసుకోవచ్చు. ఇరుపక్షాల సమ్మతితో వచ్చిన డిక్రీ మీద 96వ సెక్షన్ ప్రకారం అప్పీలు లేదు. అంటే రాజీ రికార్డు చేసిన రోజే అర్జీ పెట్టొచ్చు. ఈ-ఫైలింగ్‌లో ఎక్కించిన స్కాన్ కాపీలు చూడనివ్వకుండా ఆపాలని, అవతలి పక్షం దగ్గరున్న సెట్లు తిరిగివ్వాలని కూడా అందులోనే అడగండి. ఎదుటి వకీలు దగ్గరున్న సెట్టు సంగతి అందరూ మర్చిపోతారు. తెచ్చుకున్న కాగితాలు పారేయకండి. పాపకి తర్వాత ఆపరేషన్లకి అవే ఆధారం.

స్కూలు పేరు దాచాలా అన్నదాని మీద నేను చాలా ఆలోచించాను. ఎందుకంటే ఇక్కడే పాప మేలు, స్కూలు మేలు ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ స్కూలు పేరుని కూడా గుర్తింపు వివరాల్లోనే చేర్చింది. నిజమే, ఫలానా స్కూలు, ఫలానా తరగతి, ఫలానా తేదీ అంటే మీ కాలనీలో ఎవరైనా మీ పాపేనని చెప్పేస్తారు. కాబట్టి వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతిలో స్కూలు పేరు లేకపోయినా నేను ఒప్పుకుంటాను. కోర్టులో ఉండే అసలు డిక్రీలో మాత్రం స్కూలు పేరు, అది ఎంత కట్టింది, ఎందుకు కట్టింది పూర్తిగా ఉండాలి. ఎప్పుడైనా విద్యాశాఖ గానీ, బాలల హక్కుల కమిషన్ గానీ, అదే స్కూల్లో ఇంకో బిడ్డ తల్లి గానీ సరైన కారణంతో అడిగితే, జడ్జి చూసి ఇవ్వగలిగేలా ఉండాలి. మరిగే గిన్నెలు పిల్లల వరస పక్కనుంచి మోసుకెళ్లే పద్ధతి ఆ స్కూల్లో మారిందో లేదో మీకు తెలుసా? వీలైతే రాజీలోనే ఆ షరతు రాయించండి: వడ్డించే చోటికి గిన్నెలు పిల్లలు రాకముందే చేరాలి. దీనికి వాళ్లకి పెద్ద ఖర్చు కూడా ఉండదు. నేను రాయించిన ఒక రాజీలో ఇలాంటి షరతుకి మేనేజ్‌మెంటు వెంటనే ఒప్పుకుంది.

8వ షరతు, అంటే మాట్లాడితే డబ్బు వెనక్కి అన్నది, అసలు ఒప్పుకోకండి. ఆ 18 లక్షలు మీవి కావు, పాపవి. మీ అత్తగారో, ఆడపడుచో పెళ్లిలో ఎవరితోనో నోరు జారితే పాప చికిత్స డబ్బు పోవాలా? కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అంత సొమ్మూ జరిమానాగా వసూలు చేయడం వాళ్లకీ సులువు కాదు, కోర్టు సమంజసమైన మొత్తమే ఇప్పిస్తుంది. కానీ ఆ వాదన గెలవడానికి మీరు ఇంకో ఐదేళ్లు కోర్టుకి తిరగాలి. స్కూలు పట్టుబడితే, మీరిద్దరూ పెద్దవాళ్లుగా మీ మట్టుకు పత్రికలకి చెప్పమని, సోషల్ మీడియాలో పెట్టమని మాటివ్వొచ్చు. పాప తరఫున ఆ మాట ఇవ్వకండి. రేపు తనకి ఇరవై ఏళ్లొచ్చి తన కథ తనే చెప్పుకోవాలనుకుంటే అది తన ఇష్టం. పోలీసులకి, డాక్టర్లకి, కోర్టుకి, అధికారులకి, స్కూలు మార్పించేటప్పుడు కొత్త స్కూలుకి చెప్పడం ఆ మాట కిందకి రాదని కూడా రాయించండి. పోలీసు కేసులో సాక్ష్యం చెప్పకూడదు అన్నట్టు ఎక్కడైనా ఉంటే, అది కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు. సివిల్ రాజీ చట్టబద్ధంగా ఉందని తృప్తి పడితేనే కోర్టు రికార్డు చేస్తుంది కాబట్టి, ఆ ఒక్క వాక్యం మీ రాజీ మొత్తాన్నీ చిక్కులో పెడుతుంది. క్రిమినల్ కేసులో రాజీ అంటే అది విడిగా, అక్కడి కోర్టు అనుమతితో జరగాల్సిన పని.

ఫైలు మొత్తం మూయొద్దు అనడానికి నాకున్న పెద్ద కారణం పాప పద్దెనిమిదో పుట్టినరోజు. ఆ రోజు తనకి మూడు సంగతులు తెలియాలి: తన పేరు మీద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ బ్యాంకులో ఎంత ఉంది. తల్లిదండ్రులు కాలం చేసి, మేనమామలు లెక్క చెప్పక, కోర్టు ఫైలు ఒక్కటే ఆధారమైన పిల్లల్ని నేను చూశాను. ఫైలుని మీరే మూయించేస్తే, తను సొంత ఫైలు కోసం పిటిషన్ వేసుకోవాలి. కవరు మీద ఆ రెండో వాక్యం అందుకే.

సీలు గొడవలో పడి రాజీకి అనుమతి విషయం తేలిగ్గా తీసుకోకండి, అసలు బలం అక్కడే ఉంది. సీపీసీ 32వ ఆర్డరు 7వ రూలు ప్రకారం మైనర్ తరఫున కోర్టు అనుమతి లేకుండా రాజీ కుదరదు. ఆ అనుమతి రికార్డులో స్పష్టంగా ఉండాలి. నెక్స్ట్ ఫ్రెండ్‌గా, అంటే మైనర్ తరఫున దావా నడిపే మనిషిగా, మీరు అఫిడవిట్ ఇవ్వాలి, ఈ రాజీ పాపకి మేలేనని మీ వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి. అనుమతి లేని రాజీని పాప తర్వాత రద్దు చేయించుకోగలదు, స్కూలు చేయించుకోలేదు. అందుకని సక్రమంగా అనుమతి తెచ్చుకోవాల్సిన అవసరం మీకంటే స్కూలుకే ఎక్కువ. బేరంలో ఇది గుర్తుంచుకోండి. జడ్జిగారు ఛాంబర్‌లోనే మీతో, పాపతో మాట్లాడాలని 153-బి పిటిషన్‌లోనే కోరండి. లోక్ అదాలత్‌లో పెడదాం, ఒక్క రోజులో అయిపోతుంది, కోర్టు ఫీజు తిరిగొస్తుంది అని ఎవరైనా అంటే, ఆ మాట నిజమే. కానీ అక్కడ ఇచ్చిన అవార్డు మీద అప్పీలు ఉండదు, ఒకే రోజు వందల కేసులుంటాయి. పేరు మార్పించే ఆదేశం, కోర్టు అనుమతి రెండూ చేతికొచ్చాకే అటు వెళ్లండి. మధ్యవర్తి దగ్గర మాట్లాడుకున్నవి గోప్యంగానే ఉంటాయి, మధ్యవర్తి ఒప్పందం మాత్రమే కోర్టుకి పంపాలని 2010 డిసెంబరులో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒప్పందం డిక్రీ అయ్యాక మాత్రం అదీ కోర్టు రికార్డే.

డబ్బు సంగతి క్లుప్తంగా. అదే 32వ ఆర్డరు 6వ రూలు కింద కోర్టు అనుమతి లేకుండా ఆ సొమ్ము మీ చేతికి రాదు. మామూలుగా పాప మేజర్ అయ్యేదాకా జాతీయ బ్యాంకులో ఎఫ్‌డీ వేయిస్తారు. 1993లో సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు మోటారు ప్రమాదాల పరిహారానికి పెట్టిన పద్ధతే మిగతా కేసుల్లోనూ అనుసరిస్తారు. ఉదాహరణకి 7 శాతం వడ్డీ అనుకుంటే 18 లక్షల మీద ఏడాదికి లక్షా 26 వేలు. ఆ వడ్డీ మూడు నెలలకోసారి చికిత్సకి మీ ఖాతాలో పడేలా అడగండి. కాలిన చోట ముడుచుకున్న చర్మం పిల్లలు ఎదిగినంత వేగంగా సాగదు. ఛాతీ మీద మచ్చ ఉన్న ఆడపిల్లకి ఎదిగే వయసులో ఆ ముడుతలు విడదీసే ఆపరేషన్లు మళ్లీ అవసరం కావచ్చు. ప్లాస్టిక్ సర్జన్ దగ్గర రాబోయే ఏళ్లకి అంచనా రాయించుకుని, ఆ మొత్తం 18 లక్షల్లో ఇముడుతుందో లేదో చూసి అప్పుడు ఒప్పుకోండి. "ఇదే తుది సెటిల్‌మెంటు, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం మీ ముసాయిదాలో ఉండే ఉంటుంది. 7, 8 షరతుల కంటే పాపకి ఎక్కువ నష్టం చేసేది అదే కావచ్చు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం ఒక్క మాట. బిడ్డకి జరిగింది లైంగిక నేరమైతే పైన చెప్పినదేదీ మీ దారి కాదు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుకి రాజీ లేదు. రాజీ పడ్డామని చెప్పి హైకోర్టులో కొట్టేయించుకున్న ఒక కేసుని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తెరిపించింది. నోరు మూసుకుంటే డబ్బిస్తాం అని స్కూలో, ట్యూషన్ సెంటరో అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నేరం గురించి తెలిసి పోలీసులకి చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. పేరు దాచే బాధ్యత 23, 33 సెక్షన్లలో, మూసిన గదిలో విచారణ 37వ సెక్షన్‌లో ఆ చట్టమే చెప్పింది, పరిహారం కూడా ప్రత్యేక కోర్టే ఇప్పిస్తుంది. లక్డీకాపూల్ దగ్గర హాకా భవన్‌లో బాధిత మహిళలకి, పిల్లలకి సాయం చేసే పోలీసుల భరోసా కేంద్రం ఉంది, నేరుగా అక్కడికి వెళ్లండి.

అమ్మా, వాయిదా ఇంకో మూడు వారాలుందని రాశారు. ముందు ముసాయిదా తిప్పి పంపించండి. 7వ షరతు స్థానంలో "మైనర్ గుర్తింపు వివరాలు బయటపడకుండా ఇరుపక్షాలూ కోర్టుని కోరుతున్నాయి" అని రాయమనండి, 8వది పూర్తిగా కొట్టేయించండి. స్కూలు వకీలు 7వ షరతు మార్పుకి తేలిగ్గానే ఒప్పుకుంటారు. 8వ దాని మీద బిగిస్తే, ఆ షరతుని జడ్జిగారి ముందు చదివి వినిపించి, దీనికి అనుమతి ఇవ్వమని అడగమని వాళ్ల వకీలుకే చెప్పమనండి. నా 26 ఏళ్లలో పిల్లల డబ్బు వెనక్కి లాగే షరతుని జడ్జి ఎదుట పైకి చదవడానికి సిద్ధపడ్డ వకీలుని నేను చూడలేదు. వాళ్లు తిరిగి పంపిన ముసాయిదాని పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.